రచ్చబండకు రానివాళ్ళ మాట

పదిమంది కలిసి కట్టుకున్న ఇంటికి మరమ్మతు చేయించాలంటే ఆ పదిమందినీ అడగాలి. ఇందులో ఎవరికీ పేచీ లేదు. ఎప్పుడు అడగాలి, ఏమని అడగాలి, వచ్చిన జవాబులతో ఏం చెయ్యాలి అన్న దగ్గరే చిక్కంతా. ఇంటర్నెట్లో ఇవాళ అలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. పట్టా ఒక సంస్థ పేరున ఉంటుంది, ఇటుకలు మోసేది మాత్రం జీతం లేని వేలమంది. వాళ్ళు రాస్తేనే అక్కడ మిగతావాళ్ళు చదవడానికి ఏమైనా ఉంటుంది. ఆ చోటుకు కొత్త రూపం ఇవ్వాలనుకున్నప్పుడల్లా నిర్వాహకులు "మీ సలహాలు పంపండి" అంటారు. ఆ మాట మర్యాదకు అన్నదో, అక్కర కొద్దీ అన్నదో ఎలా తెలుస్తుంది? లక్షమందిని అడిగామని చెప్పుకుంటే సరిపోదు. జవాబు వల్ల ఏదైనా మారే వీలు ఇంకా మిగిలి ఉండగా అడిగారా లేదా అన్నది చూడాలి. నా లెక్కలో అసలు పరీక్ష అదే. తాంబూలాలు పుచ్చుకున్నాక పెళ్ళికూతురి ఇష్టం అడిగితే, అసలు అడగకపోవడం కంటే అదే ఎక్కువ బాధపెడుతుంది.

ఈ సంగతి పరిశీలించడానికి వికీపీడియా కంటే మంచి ఉదాహరణ దొరకదు. 2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వం ఇప్పుడు 300కు పైగా భాషల్లో ఉంది. తెలుగులో 2003 డిసెంబరులో మొదలై, లక్ష వ్యాసాలు దాటింది. యంత్రాలనూ సాఫ్ట్‌వేరునూ నడిపేది అమెరికాలోని వికీమీడియా ఫౌండేషన్. వ్యాసాలు రాసేది, దిద్దేది, తగువులు తీర్చేది స్వచ్ఛందంగా పనిచేసే జనం. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నదంతా, కోపతాపాలతో సహా, అందరికీ కనిపించేలా భద్రపరిచి ఉంటుంది. ఎవరు ఏ రోజున ఏమన్నారో పదేళ్ళ తరవాత వెళ్ళి చదువుకోవచ్చు. వ్యాపార సంస్థల్లో నాలుగు గోడల మధ్య జరిగే చర్చలు మనకు అందవు. ఇక్కడ తీసుకున్న మంచి నిర్ణయాలూ చెడ్డ నిర్ణయాలూ వాటి వెనుక నడిచిన కథతో సహా ఎదురుగా ఉంటాయి.

ముందుగా ఒక చెడ్డ నిర్ణయం చూద్దాం. 2014లో ఫౌండేషన్ మీడియా వ్యూయర్ అనే సదుపాయం ప్రవేశపెట్టింది. వ్యాసంలోని బొమ్మ మీద నొక్కితే నల్లటి తెర మీద ఆ బొమ్మ పెద్దదై కనిపిస్తుంది. అంతకుముందైతే ఆ బొమ్మ తీసినవారెవరు, ఏ షరతుల మీద ఇచ్చారు వంటి వివరాలున్న పేజీకి వెళ్ళేవాళ్ళం. బొమ్మలు పెట్టేవాళ్ళకు, హక్కులు చూసేవాళ్ళకు ఆ పేజీయే ముఖ్యం. జర్మన్ వికీపీడియన్లు ఓటు పెట్టుకుని, ఈ కొత్త తెర కావాలన్నవాళ్ళకే రావాలని, అందరి నెత్తినా రుద్దవద్దని తేల్చారు. అక్కడి నిర్వాహకుడొకరు తనకున్న అధికారంతో సైటు కోడు మార్చి ఆ తీర్పును అమలు చేశారు. 2014 ఆగస్టు 10న ఫౌండేషన్ దీనికి విరుగుడుగా సూపర్ ప్రొటెక్ట్ అనే కొత్త తాళం తయారుచేసింది. దాని ప్రకారం కొన్ని పేజీలను ఫౌండేషన్ ఉద్యోగులు తప్ప ఎవరూ, జనం ఎన్నుకున్న నిర్వాహకులు కూడా, ముట్టుకోవడానికి లేదు. పదేళ్ళపాటు ఇంటి తాళంచెవులు చేతికిచ్చి, ఒక్కసారి నచ్చని పని చేశారని తాళం మార్చేసినట్టయింది. వందలమంది నిరసన పత్రం మీద సంతకాలు చేశారు. 2015 నవంబరులో ఫౌండేషనే ఆ తాళాన్ని తీసేసింది.

గమనించవలసింది ఏమిటంటే, ఆ మీడియా వ్యూయర్ ఇప్పటికీ వికీపీడియాలో ఉంది. బొమ్మ మీద నొక్కితే అదే తెరుచుకుంటుంది, ఎవరూ దాన్ని పట్టించుకోరు. దానికి ఏడాది ముందు, 2013 జులైలో, విజువల్ ఎడిటర్ విషయంలోనూ ఇదే జరిగింది. కోడు గుర్తులు నేర్చుకోనక్కరలేకుండా, వర్డ్ ఫైలు దిద్దినట్టు వ్యాసాన్ని దిద్దే పరికరం అది. ఇంగ్లీషు వికీపీడియాలో దాన్ని అందరికీ తెరిచారు. అది నెమ్మదిగా నడిచేది. దిద్దినవాళ్ళకు తెలియకుండానే వ్యాసాల మధ్య అక్కరలేని కోడు ముక్కలు దూర్చేది. వాటిని ఏరి పారేసే చాకిరీ పాత సభ్యుల మీద పడింది. సెప్టెంబరుకల్లా జనం దాన్ని వెనక్కి నెట్టారు. అదే విజువల్ ఎడిటర్ మెరుగుపడ్డాక కొత్తవాళ్ళు హాయిగా వాడుకుంటున్నారు. ఈ రెండింటినీ చూసి కొందరు, "చూశారా, జనం మొదట్లో అలాగే గోల చేస్తారు, తరవాత అలవాటు పడతారు" అని తేల్చేస్తారు. నాకు ఆ లెక్క కుదిరినట్టు అనిపించదు. గోల చేసినవాళ్ళు మార్పు వద్దని అనలేదు. ఫలానా చోట చెత్త పడుతోందని, ఫలానా సమాచారం కనుమరుగైందని పేరు పెట్టి మరీ చెప్పారు. ఆ మాటలు ముందే విని ఉంటే, అలవాటు పడడానికి రెండేళ్ళ తగువు అవసరమయ్యేది కాదు.

తగువు నుంచి ఫౌండేషన్ ఏదో నేర్చుకున్నట్టే ఉంది. 2015 చివర్లో కోరికల సర్వే ఒకటి పెట్టింది. మేము తయారుచేసింది ఎలా ఉంది అని అడగడం మాని, మీకు రోజూ అడ్డు తగులుతున్నది ఏమిటి అని అడిగింది. ఆరొందల మందికి పైగా పాల్గొన్నారు, వందకు పైగా కోరికలు వచ్చాయి. పైకి తేలిన పదింటిని ఒక చిన్న బృందం చేపట్టి చూస్తుందని, అంతకు మించి మాట ఇవ్వలేమని ముందే చెప్పారు. ఓట్లు పడ్డాక మొదట నిలిచిన కోరిక రంగుల గురించి కాదు, ముస్తాబు గురించీ కాదు. వ్యాసాల కింద ఇచ్చిన ఆధారాల లంకెలు చచ్చిపోతున్నాయి, వాటిని బతికించండి అన్నది ఆ కోరిక. పత్రికల సైట్లు మూతపడతాయి, ప్రభుత్వ శాఖలు తమ సైట్లు మార్చినప్పుడు పాత చిరునామాలు గల్లంతవుతాయి. ఆధారం పోయిన వాక్యానికి విలువ పోతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థతో కలిసి ఒక బాట్, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రాము, ఈ పనికి దిగింది. చచ్చిన లంకె కనిపించినప్పుడల్లా ఆర్కైవ్‌లో భద్రపరిచిన ప్రతిని వెతికి తగిలించుకుంటూ పోయింది. 2018 నాటికి 90 లక్షలకు పైగా లంకెలు ఇలా తిరిగి ప్రాణం పోసుకున్నాయి. చదివేవాడికి ఇది కనిపించని మార్పు. వికీపీడియా రూపం మీద ఇంతకన్నా ఎక్కువ గోల చేసిన చర్చలు ఎన్నో జరిగాయి. ఇంతకన్నా ఎక్కువ మేలు చేసినవి తక్కువ.

అదే ఏటి జాబితాలో మనకు సంబంధించిన కోరిక కూడా ఉంది. పాత పుస్తకాలను ఎక్కించి ఉంచే వికీపీడియా తోబుట్టువు వికీసోర్సు. భారతీయ భాషల వికీసోర్సుల్లో పుస్తకాల పేజీల ఫొటోల నుంచి అక్షరాలు రాబట్టుకోవడానికి గూగుల్ ఓసీఆర్ వాడుకునే వీలు కల్పించమని అడిగారు. తెలుగు వికీసోర్సులో ఒక పాత పుస్తకాన్ని ఎక్కించాలంటే అంతకుముందు చాలావరకు పేజీ పేజీ చూసి టైపు చేసుకోవలసి వచ్చేది. మీ సైటుకు ఏ రూపం కావాలని అడిగి ఉంటే ఈ కోరిక ఎవరి నోటా వచ్చేది కాదు. మీ చేతికి ఏ పని బరువుగా ఉందని అడిగారు కాబట్టి వచ్చింది. పరికరమూ తయారైంది. ప్రశ్న ఎలా వేశారన్న దాన్ని బట్టే జవాబు ఎంత లోతున ఉంటుందో తేలుతుందనడానికి ఇది నాకు బాగా నచ్చిన ఉదాహరణ.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యడానికి లేదు. వాడుకరులకు తమకు ఏం కావాలో తెలియదు, వాళ్ళు అడిగింది ఇస్తూ పోతే ఏ కొత్తదీ పుట్టదు అంటారు. ఫేస్‌బుక్ చరిత్ర ఈ వాదనకు గట్టి సాక్ష్యం. 2006 సెప్టెంబరులో ఆ సంస్థ న్యూస్ ఫీడ్ తెచ్చింది. అప్పటిదాకా మిత్రుడి సంగతి తెలియాలంటే మిత్రుడి పేజీకి వెళ్ళాలి. ఇప్పుడు అందరి కబుర్లూ మన గుమ్మంలోకే వచ్చి పడతాయి. ఇది నిఘా పెట్టినట్టుందని లక్షలమంది విద్యార్థులు నిరసన గ్రూపుల్లో చేరారు. తమాషా ఏమిటంటే, ఫలానావాడు నిరసన గ్రూపులో చేరాడన్న కబురును ఊరంతా చాటింది ఆ న్యూస్ ఫీడే. సంస్థ దాన్ని తీసెయ్యలేదు. ఇవాళ న్యూస్ ఫీడ్ లేని ఫేస్‌బుక్‌ను ఊహించలేం. అప్పటి జనం మాట విని ఉంటే ఏమయ్యేది అని అడుగుతారు.

అప్పుడు జరిగిన దాంట్లో సగం మాత్రమే ఈ ప్రశ్నలో ఉంది. జనం రెండు మాటలు కలిపి అన్నారు. మా కదలికలు మాకు తెలియకుండా అందరికీ చేరుతున్నాయి అన్నది ఒకటి. దాన్ని తీసెయ్యండి అన్నది రెండోది. సంస్థ రెండో మాట వినలేదు, మొదటిది విన్నది. కొద్దిరోజుల్లోనే, ఏది ఎవరికి కనిపించాలో ఎంచుకునే మీటలు పెట్టింది, తొందరపడ్డామని ఒప్పుకుంది. చెప్పు ఎక్కడ కరుస్తోందో కాలికి తెలుస్తుంది, కుట్టినవాడికి తెలియదు. అంతమాత్రాన కాలు వెళ్ళి చెప్పు కుట్టలేదు. సలహాలు సేకరించడమంటే ఈ రెండు పనులనూ ఎవరికి చెందింది వాళ్ళకు వదలడం. డిజైన్ రంగంలో పేరున్న యాకబ్ నీల్సన్ 2001లోనే, వాడుకరులు చెప్పేది వినడం కంటే చేసేది చూడడం ముఖ్యమని వాదించారు. ఆయన మాటలో నిజముంది, కానీ దాన్ని అడ్డం పెట్టుకుని చెవులు మూసుకోవడానికి వీల్లేదు. ఒకతను మూడుసార్లు ఒకేచోట నొక్కి వెనక్కి వెళ్ళిపోయాడని చూస్తే తెలుస్తుంది. ఎందుకు వెళ్ళిపోయాడో మాత్రం అతను చెబితేనే తెలుస్తుంది.

విని, లెక్కపెట్టి, పక్కన పడేసే పద్ధతి కూడా ఒకటుంది. అదీ ఫేస్‌బుక్‌దే. 2009లో ఆ సంస్థ తన నియమాల మీద సభ్యుల చేత ఓటు వేయిస్తానంది. షరతు ఏమిటంటే, వాడుకలో ఉన్న సభ్యుల్లో 30 శాతం ఓటేస్తేనే ఆ తీర్పు చెల్లుతుంది. 2012 డిసెంబరులో చివరిసారి ఓటు జరిగింది. అసలు ఈ ఓటు హక్కునే రద్దు చెయ్యాలన్న ప్రతిపాదన కూడా అందులో ఉంది. 6,68,872 మంది ఓటేశారు, నూటికి 88 మంది వద్దన్నారు. అప్పటికి సభ్యులు వందకోట్లు. తీర్పు చెల్లాలంటే 30 కోట్లమంది రావాలి. రాలేదు, హక్కు రద్దయింది. ఆరున్నర లక్షలమంది పనిగట్టుకుని వచ్చి చెప్పిన మాటకు విలువ సున్నా. ఏ దేశంలోనైనా పోలింగుకు ఇలాంటి గడప పెడితే దాన్ని ఎన్నిక అనం. జవాబు దేన్నీ మార్చలేని చోట ప్రశ్న వేస్తే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చూపించే లెక్క నాకు కనబడలేదు. ఇక అడగనే అడగకుండా మార్చేసినవాళ్ళ సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. సభ్యులు లంకెలు పంచుకునే డిగ్ అనే సైటు 2010 ఆగస్టులో తన రూపాన్నీ పద్ధతినీ ఒక్కరోజులో తిరగేసింది. సభ్యులు తమకు అలవాటైన మీటలు మాయమవడం చూసి, పోటీ సైటైన రెడిట్ లంకెలతో దాని ముఖపత్రాన్ని నింపి మరీ వెళ్ళిపోయారు. 2012లో డిగ్ దాదాపు చిల్లరకు అమ్ముడుపోయింది.

రెండో అభ్యంతరం మొదటిదాని కంటే నాకు ఎక్కువ ఇబ్బందికరంగా కనిపిస్తుంది. సలహా చెప్పడానికి వచ్చేది ఎవరు? నీల్సనే 2006లో ఒక మోటు లెక్క చెప్పారు. ఇలాంటి చోట్లలో నూటికి 90 మంది ఊరికే చదివి వెళ్ళిపోతారు, 9 మంది అప్పుడప్పుడూ ఏదో రాస్తారు, ఒక్కరే ఎక్కువ భాగం రాస్తారు. సలహాలు అడిగితే పలికేది ఆ ఒక్కరు. తెలుగు వికీపీడియాలో సభ్యులు కలిసి చర్చించుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. ఎంత చక్కటి పేరో. ఆ పేరులోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. ఊళ్ళో రచ్చబండ మీద ఎవరు కూర్చునేవారు? పనులు తీరిన మగవాళ్ళు, మాట చెల్లేవాళ్ళు. బావి దగ్గర నీళ్ళు తోడుకునే ఆడవాళ్ళకూ ఊరి సంగతులు తెలుసు. బహుశా ఇంకా బాగా తెలుసు. కానీ వాళ్ళ మాట రచ్చబండ దాకా వచ్చేది కాదు. 2011లో వికీపీడియా సంపాదకుల మీద జరిపిన సర్వేలో పదిమందిలో ఒకరు కూడా స్త్రీలు లేరని తేలింది. రచ్చబండలో జరిగిన తీర్మానమే ఊరి తీర్మానమనుకుంటే ఆ లోటు రూపకల్పనలోకీ దిగుతుంది.

ఈ చిక్కు వికీపీడియా కొత్త రూపమైన వెక్టర్ 2022 కథలో పూర్తిగా బయటపడింది. దాని మీద పని 2019లో మొదలైంది. ముందు ఫ్రెంచి, హీబ్రూ వంటి కొన్ని భాషల్లో పెట్టి చూశారు, జనం చెప్పిన మార్పులు చేస్తూ వచ్చారు. ఇంగ్లీషు వికీపీడియా దగ్గరకు వచ్చేసరికి సభ్యుల చర్చలో 165 మంది ఔనన్నారు, 153 మంది కాదన్నారు. పేజీ వెడల్పు తగ్గించి రెండు పక్కలా తెల్లటి ఖాళీ వదలడం చాలామందికి నచ్చలేదు. వెడల్పు పెంచుకునే మీట ఒకటి అందరికీ ఇస్తే సరేనన్న అర్థంలో చర్చ ముగిసింది. 2023 జనవరి 18న కొత్త రూపం వచ్చింది. మీట ఇచ్చారు. కానీ ఖాతా లేనివాళ్ళకు అది ఒక పేజీ దాటగానే మళ్ళీ మొదటికొచ్చేది. ఇంకేముంది, పాతరూపానికి తిరిగిపోవాలంటూ మరో చర్చ మొదలైంది. ఈసారి తిరిగిపోదామన్నవాళ్ళు 355 మంది, వద్దన్నవాళ్ళు 226 మంది. ఏకాభిప్రాయం కుదరలేదని ముగించారు, కొత్త రూపం ఉండిపోయింది. మీట తరవాత సరిగా నిలిచేలా బాగుచేశారు.

దీన్ని చూసి ప్రజాస్వామ్యం ఖూనీ అయిందని కొందరన్నారు. నేను అలా అనను. ఆ 355 మందీ ఆ 226 మందీ కలిసినా, ఇంగ్లీషు వికీపీడియాను నెలనెలా చదివే కోట్లమందిలో సముద్రంలో కాకిరెట్టంత. వాళ్ళు ఏళ్ళ తరబడి పాత రూపానికి అలవాటు పడిన చేతులు. వాళ్ళ ఓట్లతోనే రూపం నిర్ణయిస్తే, మొదటిసారి వచ్చిన పాఠకుడికి ఓటే లేదు. అదే సమయంలో ఫౌండేషన్ దగ్గరున్న అంకెలను మాత్రమే నమ్మాలా? కొత్త వెతుకుపెట్టె వల్ల వెతకడం పెరిగిందని, విషయసూచిక పక్కన నిలిచి ఉండడం వల్ల పేజీని కిందికీ పైకీ లాగడం తగ్గిందని వాళ్ళు చూపించారు. మంచిదే. అయితే మీట నిలవడంలేదన్న లోపాన్ని పట్టిచ్చింది ఆ అంకెలు కావు, కోపంతో ఊగిపోయిన ఆ కొద్దిమందే. గొంతున్నవాళ్ళ మాటను తీర్పుగా తీసుకోకూడదు. సాక్ష్యంగా తీసుకోకుండానూ ఉండకూడదు. తీర్పు చెప్పేవాడికి సాక్షి అవసరం ఎప్పుడూ తీరదు, సాక్షి ఒక్కడైనా సరే.

ఇంత తతంగానికి ఎవరికి ఓపిక ఉంది, నాలుగేళ్ళు పడుతుంది కదా అని మూడో అభ్యంతరం. పడుతుంది. మాట వినకుండా తెచ్చిన మీడియా వ్యూయర్ తగువు కూడా ఏడాదికి పైగా నడిచింది, కాకపోతే ఆ కాలమంతా కోర్టు ఖర్చులా పోయింది. పాత రూపాన్ని కూడా పక్కన ఉంచెయ్యడం ఒక దారి. 2018లో రెడిట్ కొత్త రూపం తెచ్చినప్పుడు పాతదాన్ని వేరే చిరునామాలో అట్టేపెట్టింది, కావలసినవాళ్ళు ఇప్పటికీ అందులోనే ఉంటున్నారు. ఇందులో పెద్ద వేడుక ఏమీ లేదు, రెండిళ్ళ కాపురం ఖర్చు ఎక్కువ. కానీ మారనివాడిని మెడబట్టి గెంటకుండా ఉండడం కూడా ఒకరకంగా అతని సలహా విన్నట్టే.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. తెలుగు వికీపీడియా రూపం తెలుగువాళ్ళు గీసింది కాదు. అన్ని భాషలకూ కలిపి ఒకచోట గీసి పంపిస్తారు, మీటల మీది పేర్లు మాత్రం మన స్వచ్ఛంద సేవకులు తెలుగు చేస్తారు. చురుగ్గా రాసేవాళ్ళు వందల్లో ఉంటారు తప్ప వేలల్లో ఉండరు. ఓట్ల లెక్కన పోటీపడితే ఇంగ్లీషు, జర్మన్ సభ్యుల ముందు మన కోరిక పైకి రావడం కష్టం. కోరికల సర్వేలోని ఈ లోపాన్ని నిర్వాహకులే గుర్తించి, 2020 సర్వేను వికీసోర్సు, విక్షనరీ వంటి చిన్న ప్రాజెక్టులకు మాత్రమే పరిమితం చేశారు. ఒక ఏడాది పెద్దన్నను పక్కన కూర్చోబెట్టి చిన్నవాళ్ళ పళ్ళెంలో ముందుగా వడ్డించడం అది. ఇంకో చిక్కు, ఈ చర్చలు ఎక్కువగా ఇంగ్లీషులో నడుస్తాయి. ఇంగ్లీషులో చదువుకునే అలవాటున్నవాళ్ళే తెలుగు పాఠకుల తరఫున జవాబు చెబుతారు. తెలుగులో తప్ప చదవలేనివాళ్ళ కోసమే కదా తెలుగు వికీపీడియా ఉన్నది. వాళ్ళను అడగాలంటే ప్రశ్న తెలుగులో ఉండాలి. అదీ దస్తావేజు తెలుగులో కాదు, నోటి తెలుగులో.

ఏమని అడగాలో కూడా భాషను బట్టి మారుతుంది. వరుసకు ఇన్ని అక్షరాలుంటే కన్ను అలసిపోదు అన్న లెక్కతో పేజీ వెడల్పు తగ్గించారు. ఆ అక్షరాలు రోమను లిపివి. మన దగ్గర వెళ్ళాల్సివచ్చిందన్నాడు అన్నది ఒకే మాట, ఇంగ్లీషులో అది ఒక వాక్యం. ఇలాంటి మాటలు నాలుగైదు పడితే సన్నటి వరుస నిండిపోతుంది, మాట విరగదు కాబట్టి చివర చిరిగిన అంచులా ఖాళీ మిగులుతుంది. ఇంగ్లీషులో ఎడిట్ అన్న పొట్టి మాటకు కొలిచి చేసిన మీటలో సవరించు అన్న మాటను ఇరికించాలి. ఇంకో సంగతి. రోమను అక్షరాలు చాలావరకు ఒక గీత మీద నిలబడతాయి. మన అక్షరాలకు నెత్తిన గుడులు, కింద వత్తులు, కొన్నిచోట్ల వత్తు కింద వత్తు. వరుసల మధ్య ఎడం వాళ్ళకు సరిపోయినంతలో మనకు సరిపోదు. ఇవన్నీ కంప్యూటర్ తెర మీద వచ్చే చిక్కులు. మనవాళ్ళలో ఎక్కువమంది చదివేది ఫోనులో, ఎండలో, బస్సులో. వ్యాసాలు రాసి దిద్దే సభ్యులకు పెద్ద తెర ముందు కూర్చునే అలవాటు కనుక ఫోను చిక్కులు రచ్చబండ దాకా రావడమే అరుదు.

అందుచేత ఇలాంటి చోటును మార్చాలనుకునేవారు చేయగలిగిన పని పెద్ద సర్వే కంటే చిన్నదే. బడిలోనో గ్రంథాలయంలోనో పదిమంది పాఠకుల చేతికి ఫోనిచ్చి, ఫలానా సంగతి వెతికి చదవమని, పక్కన కూర్చుని చూడవచ్చు. ఎక్కడ ఆగారో అక్కడ, ఎందుకు ఆగారని అడగవచ్చు. ఏది ఇంకా తేలలేదో, ఏది ఇప్పటికే ఖాయమైపోయిందో వాళ్ళకు ముందే చెప్పవచ్చు. రంగు ఖాయమైపోయి ఉంటే రంగు గురించి అడగనే అక్కరలేదు, వాళ్ళ కాలం మిగులుతుంది. విన్న తరవాత, ఇది చేశాం, ఇది చెయ్యలేదు, చెయ్యకపోవడానికి కారణమిది అని అదే పదిమందికి తిరిగి చెప్పవచ్చు. చాలా సంస్థలు తప్పేది ఈ చివరి మెట్టు మీదే. సలహాపెట్టె తెరిచి చూసినవాడెవడో, చూశాక ఏమనుకున్నాడో సలహా వేసినవాడికి ఎన్నడూ తెలియదు. మరోసారి వెయ్యడానికి అతనికి చెయ్యి రాదు.

అలా పక్కన కూర్చుంటే ఎలాంటి ప్రశ్న దొరుకుతుందో చూడడానికి రాష్ట్రం అన్న మాటనే తీసుకోండి. అందులో షకారం కింద టవత్తు, దానికి రవత్తు. చిన్న ఫోనులో, దగ్గరగా పడిన వరుసల్లో ఆ వత్తులు దిగి కింది వరుసలోని గుడిని తాకుతున్నాయా, తాకితే రెండు మాటల్లో ఏది తప్పుగా చదువుతున్నారు అన్నది చాలా చిన్న ప్రశ్న. ఇంత చిన్న ప్రశ్నకు ఏ దూరదేశపు అంకెల్లోనూ జవాబు ఉండదు, రచ్చబండ మీద ఆరితేరిన సభ్యుడికీ అది తట్టకపోవచ్చు. ఏడో తరగతి చదివే పిల్ల, రేపటి పాఠం కోసం అమ్మ ఫోను అడిగి తీసుకుని, ఆ వరుస దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదటినుంచి చదువుకుంటుంది. ఆ వరుస దగ్గర ఎందుకు ఆగావమ్మా అని ఆమెను అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.